నలభైమంది కరణం కొడుకులు

1935 జూన్ నెలాఖరులో నన్ను కర్నూలు జిల్లాలో, ఆత్మకూరు వైపు, ఒక జిల్లా బోర్డు హైస్కూలుకు ఎల్.టి. అసిస్టెంటుగా వేశారు. ఊరి పేరు చెప్పను. ఆ బడిలో చదివినవాళ్లలో ఇద్దరు తర్వాత వకీళ్లయ్యారు. ఎల్.టి. అంటే డిగ్రీ తర్వాత ఉపాధ్యాయ శిక్షణ పూర్తిచేసినవాడు. అసిస్టెంటు అంటే హెడ్మాస్టరు గారు చేయదలచుకోని పనులు చేసేవాడు. నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. ఉద్యోగం ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది, అంటే పైవాళ్లలో ఎవరు తుమ్మినా చిరంజీవ అనాల్సింది నేనే.

ఆ రోజుల్లో హైస్కూలు చదువు నాలుగో ఫారంతో మొదలయ్యేది. ఇప్పటి తొమ్మిదో తరగతి అనుకోండి. మిడిల్ స్కూల్లో మూడో ఫారం పాసైనవాళ్లు నేరుగా వచ్చి చేరేవారు. పల్లెల్లో ఎనిమిదో తరగతి దాకా నడిచే ఎలిమెంటరీ బడుల నుంచి వచ్చేవాళ్లకు మాత్రం మేమొక ప్రవేశ పరీక్ష పెట్టి, పాసైతే తాత్కాలికంగా చేర్చుకునేవాళ్లం. ఆ తాత్కాలికం పక్కా కావాలంటే, ఏటా తనిఖీకి వచ్చే జిల్లా విద్యాధికారి ఆ పిల్లవాణ్ణి స్వయంగా నాలుగు మాటలడిగి సరేననాలి. కాదంటే వాడు మూటాముల్లె సర్దుకుని మిడిల్ స్కూల్లో మూడో ఫారానికి దిగిపోవాలి. ఆ ఏడు అలా తాత్కాలికంగా చేరినవాడు ఒక్కడే. పేరు ఖాసీం. తండ్రి హుసేనప్ప పరుపులకూ బొంతలకూ దూది ఏకుతాడు.

మా హెడ్మాస్టరు గారిది రాజమండ్రి వైపు. బడి తెరిచిన రోజున నాలుగో ఫారం కొత్తపిల్లలను హాల్లో కూర్చోబెట్టి ఇంగ్లీషులో ఉపన్యసించడం ఆయన ఆచారం. "మీరు మీరుగా ఉండండి, ఎవరినీ అనుకరించకండి" అన్నది సారాంశం. పిల్లలకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆయన చెయ్యి పైకెత్తినప్పుడల్లా చప్పట్లు కొట్టాలని పెద్ద ఫారాలవాళ్లు ముందే చెప్పి ఉండటంతో కొట్టారు. ఎవరినీ అనుకరించకండి అన్నచోట మాత్రం మరీ బాగా కొట్టారు, పక్కవాణ్ణి చూసి.

అర్థం కాలేదన్న సంగతి ఆయనకూ తెలుసు. అందుకే వారానికొక నీతిబోధ పీరియడు పెట్టి, తన ఉపన్యాసాన్ని తెలుగులో వివరించే పని నాకు అప్పగించారు. చెప్పి ఊరుకుంటే సరిపోదన్నారు. టైంటేబుల్లో ఉన్న ప్రతిదానికీ పరీక్ష ఉండాలి. పరీక్ష ఉన్న ప్రతిదానికీ నోట్సు ఉండాలి. ఇది ఆయన పెట్టిన రూలు కాదు, ఈ దేశంలో పాఠశాల అనే పదానికి అర్థమే అది. కనుక ఒక మనిషి తాను తానుగా ఎలా ఉండాలో నేను నోట్సు తయారుచేశాను. కాలానికి తగ్గట్టు గ్రాంథికంలో:

"నేను నేనుగానే యుందును. పరులననుకరింపను. నా తండ్రి ——. నాకు —— యనిన మిక్కిలి ప్రీతి. పెద్దవాడనైన పిదప —— కాగోరుదును."

గీతలున్నచోట ఎవరిది వాళ్లు రాసుకోమన్నాను. తరగతి అంతా కలవరపడిపోయింది. రెండో బెంచీలో ఓబుళేసు అనే రైతుబిడ్డ లేచి నిలబడ్డాడు.

"సార్, ఈడ ఖాళీ ఉండాది."

"ఉంటుంది. మీ నాయన ఏం చేస్తాడో అది రాయి."

"మా నాయన ఏం చేస్తాడో తమరు చెప్పలేదు గదా సార్."

నేను చెప్పనన్నాను. వాళ్లకు నామీద గౌరవం తగ్గడం కళ్లారా చూశాను. జవాబు తెలియని మాస్టరును బోర్డువాళ్లు ఎట్లా వేశారా అన్న ప్రశ్న వాళ్ల ముఖాల్లో స్పష్టంగా కనబడింది.

ఆగస్టులో నల్లమల గాలి నన్నూ పలకరించింది. చలిజ్వరంతో కొన్నాళ్లు మంచం పట్టాను. నా పీరియడు మా తెలుగు పండితులు నరసింహాచార్లు గారు తీసుకున్నారు. ఆయనది రాజంపేట. చాలా దయగల మనిషి, పిల్లలు బాధపడితే చూడలేరు. నాలుగో ఫారం పిల్లలు బాధపడుతూ ఖాళీలు చూపించారు. ఆయన ముందు బెంచీలో మొదటివాణ్ణి లేపి వివరాలడిగి, ఖాళీలన్నీ పూర్తిచేసి తరగతి మొత్తానికీ చెప్పేశారు. ఆ మొదటివాడు రామశేషు, ఊరి కరణం గారబ్బాయి. దాంతో నోట్సు ఇలా తయారైంది: నా తండ్రి కరణము. నాకు బనగానపల్లె మామిడిపండు యనిన మిక్కిలి ప్రీతి. పెద్దవాడనైన పిదప ప్లీడరు కాగోరుదును.

నేను జ్వరం తగ్గి బడికి రాగానే, ఇదేమిటని ఆయన్ను అడిగాను.

"ఖాళీ వదిలితే మార్కులు పోతాయప్పా. పిల్లోల్ల ఉసురు మనకెందుకు?" అన్నారాయన.

సెప్టెంబరులో క్వార్టర్లీ పరీక్ష జరిగింది. తెలుగు పేపర్లతో పాటు నీతిబోధ పేపర్లూ ఆయనే దిద్దారు. నలభై మందిలో ముప్పై తొమ్మిది మంది కరణం కొడుకులు. అందరికీ మంచి మార్కులు. ఆ తాలూకా మొత్తానికి అంతమంది కరణాలు ఉండి ఉంటే శిస్తు వసూలు చేయడానికి రైతులు మిగిలేవారు కారు. నలభయ్యోవాడు ఖాసీం. పండితులవారు ఖాళీలు నింపిన రోజున వాడు బడికి రాలేదు. వాడి నోట్సులో గీతలు గీతలుగానే ఉన్నాయి. పరీక్షలో తనకు తోచింది రాశాడు. సున్నా వచ్చింది.

"నిజం రాసినాడు గదా, స్వామీ" అన్నాను.

"రాసినాడు. కాదన్నానా? కానీ నోట్సులో లేదు. వాడికి వేస్తే, కష్టపడి బట్టీపట్టిన ముప్పై తొమ్మిది మందికి ఏమని చెప్పల్ల?"

ఆయన అన్యాయం చేయాలని అనలేదు. ఆయన లెక్కలో న్యాయం అదే. మార్కులు అప్పటికే రిజిస్టరెక్కాయి. రిజిస్టరులో దిద్దుబాటు కనబడితే సంజాయిషీ రాయాల్సి వస్తుందని హెడ్మాస్టరు గారు ముట్టుకోలేదు. పైగా తాత్కాలికంగా చేరినవాడు ఏ సబ్జెక్టులో తప్పినా ఆ సంగతి విద్యాధికారికి తెలియజేయాలన్నది నిబంధన. తనిఖీ నవంబరులో. మీరు మీరుగా ఉండండి అన్న సబ్జెక్టులో తప్పినందుకు ఒక పిల్లవాడు ఒక ఫారం కిందికి దిగబోతున్నాడన్నమాట.

ఈ మాట చెవిన పడగానే హుసేనప్ప బడికి వచ్చాడు. బక్కపల్చటి మనిషి, గడ్డంలో ఎప్పుడూ దూదిపోగులు ఉండేవి. ఆ తెలుపులో వయసు ఎంతో, దూది ఎంతో చెప్పలేం.

"మావోడు ఏం తప్పు రాసినాడు అయ్యవారూ?"

"తప్పేం లేదు హుసేనప్పా. నీ గురించి రాశాడు."

"నా గురించి రాస్తే సున్నా ఏసినారా?" అని గడ్డంలోంచి ఒక పోగు తీసి పారేశాడు. "ఇన్నేండ్లు నా రేటు నాకే తెలీకపాయె. ఇప్పుడు సర్కారోల్లే తేల్చినారు."

నేను నవ్వాను. అతను నవ్వలేదు.

"సూడు అయ్యవారూ, కిందికి దింపితే నేను పిలుచుకోని పోతా. సదివిన సదువే మల్లా సదివేదానికి, ఒకే గూట్లో రెండుమాట్లు పొదిగేదానికి, వాడేమన్నా కోడిపెట్టా? ఇంటికాడ ఏకే విల్లు ఉండాది, దూది ఉండాది." తర్వాత పక్కన నిలబడ్డ కొడుకు వైపు తిరిగాడు. "ఒరే, ఆ దొర వచ్చి అడిగితే నువ్వు గూడా మా నాయన కరణం అని చెప్పు. ఒక్కపూట చెప్తే నీ సొమ్మేం పోతాది? నాకు గూడా పదవి వచ్చినట్లుంటాది."

ఖాసీం నావైపు చూశాడు. నీతిబోధ మాస్టరును నేనే కదా.

తనిఖీకి ముందురోజు సాయంత్రం వాడు మళ్లీ వచ్చి, "రేపు ఏం చెప్పల్ల సార్?" అని సూటిగా అడిగాడు. నిజం చెప్పమంటే వాడి చదువు పోవచ్చు, నాదేమీ పోదు. అబద్ధం చెప్పమంటే వాడి చదువు నిలవచ్చు, నా సబ్జెక్టు పోతుంది. సలహా ఇచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ ఉన్న తేడా అంతవరకు నాకంత స్పష్టంగా ఎప్పుడూ కనబడలేదు. రేపు చూద్దాం అన్నాను. ప్రభుత్వం పుట్టినప్పటి నుంచీ ఇస్తూ వస్తున్న సలహా అది.

ఇక తనిఖీ ఏర్పాట్లు. విద్యాధికారి దిగేది బడి గోడను ఆనుకుని ఉన్న ప్రయాణికుల బంగళాలో. కిందటేడు ఆయన ఆ బంగళాలో పడుకుని లేచి వచ్చి, మా బడి పైకప్పు, బావి, డ్రిల్లు, ఆరో ఫారం లెక్కలు, అన్నిటినీ తప్పుపట్టారట. దీనికంతటికీ మూలం బంగళాలోని పరుపేనని హెడ్మాస్టరు గారి నిశ్చితాభిప్రాయం. అందులో దూది గడ్డకట్టి గులకరాళ్లలాగా ఉండేదట. ఈసారి ఆ పొరపాటు జరగకూడదని, పరుపు విప్పి కొత్తగా ఏకి కుట్టడానికి మనిషిని పిలిపించారు. ఆ ఊళ్లో ఆ పని చేసేవాడు హుసేనప్ప ఒక్కడే. ముందురోజు రమ్మంటే, వేరేచోట పని ఒప్పుకున్నానని తనిఖీ రోజు ఉదయమే వచ్చి బంగళా వసారాలో విల్లు కట్టుకుని కూర్చున్నాడు.

విద్యాధికారి ఉదయమంతా ఆఫీసు రికార్డులు చూసి, మధ్యాహ్నం మొదటి పీరియడుకు నాలుగో ఫారానికి వచ్చారు. హెడ్మాస్టరు గారు, పండితులవారు వెంట ఉన్నారు. ఖాసీంను వెనక బెంచీలో గోడవారగా కూర్చోబెట్టమని నాకు ముందే ఆజ్ఞ అయింది, కూర్చోబెట్టాను. అధికారి సౌమ్యంగా, తొందర లేని గొంతుతో మాట్లాడే మనిషి. అట్లాంటివాళ్లే ప్రమాదం. ఓబుళేసును లేపి, "మీ నాన్న ఏం చేస్తారు నాయనా?" అన్నారు.

"నా తండ్రి కరణము సార్."

"అలాగా. ఏ ఊరికి?"

ఓబుళేసు నా వైపు చూశాడు. పండితులవారి వైపు చూశాడు. చివరికి నిజాయితీగా, "అది నోట్సులో లేదు సార్" అన్నాడు.

అధికారి అతన్ని కూర్చోమని పక్కవాణ్ణి లేపారు. వాడి తండ్రీ కరణమే. ఆ పక్కవాడి తండ్రీ కరణమే, వాడికీ మామిడిపండు యనిన మిక్కిలి ప్రీతి. నాలుగోవాణ్ణి లేపబోయి ఆగి, కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "కరణాల పిల్లలంతా ఒకసారి లేచి నిలబడండి" అన్నారు.

పరీక్షలో మంచి మార్కులు వచ్చిన తరగతి అది. అందరూ లేచారు. హెడ్మాస్టరు గారు కిటికీలోంచి ఆకాశం వైపు చూశారు, వాన వస్తుందేమోనని. నవంబరులో, మా సీమలో.

వెనక బెంచీలో ఒక్కడు మిగిలిపోయాడు. వాడూ లేస్తున్నాడు, సగం లేచి, సగంలో ఆగి. అధికారి చేతిలోని కాగితం చూసుకున్నారు. "తాత్కాలికంగా చేరిన ఖాసీం నువ్వేనా? మీ నాన్న?"

తరగతి ఊపిరి బిగబట్టింది అని రాస్తే బాగుంటుంది గాని, వెనక బెంచీలో ఎవరో దగ్గుతూనే ఉన్నారు.

"నా తండ్రి... కరణము సార్" అన్నాడు ఖాసీం.

అప్పుడే గోడ అవతల బంగళా వసారాలో విల్లు మోగింది. టంయ్, టంయ్, టంయ్. పిల్లలు ఒక్కసారిగా నవ్వారు. అధికారి ఎందుకని అడిగారు. చివరికి ఓబుళేసే, నోట్సులో లేకపోయినా, తెగించి చెప్పాడు.

"వాల్ల నాయన అదో ఆడ దూది ఏకుతాండాడు సార్. తమరి పరుపుకే."

హెడ్మాస్టరు గారికి ఒకే వాక్యంలో రెండు దెబ్బలు తగిలాయి. అధికారి మాత్రం ఖాసీంనే చూస్తున్నారు. "మరి కరణమని ఎందుకన్నావు?"

వాడు నా వైపు చూడలేదు. ఎవరి వైపూ చూడలేదు.

"నిజం రాస్తే సున్నా వచ్చింది సార్. ఈ తూరికి కరణం అని చెప్పమని మా నాయన అన్న్యాడు. తమరు కిందికి దింపితే నన్ను ఇంటికి పిలుచుకోని పోతాడు."

"పరీక్షలో ఏం రాశావు? చెప్పు."

ఖాసీం చేతులు కట్టుకుని చెప్పాడు. "మా నాయన దూది ఏకుతాడు. ఏకేటప్పుడు మూతికి గుడ్డ కట్టుకుంటాడు, మాట్లాడడు. మాట్లాడాలంటే గుడ్డ ఇప్పల్ల, అందుకని తిట్టేదానికి మాత్రమే ఇప్పుతాడు. నాకు మామిడిపండ్లు పడవు, తింటే సెగగడ్డలు లేస్తాయి. పెద్దయితే ఏమైతానో ఇంగా అనుకోలేదు. నేను నేనుగా ఉండమన్నారు గానీ, నేను ఎట్లుంటానో నాకు ఇంగా తెల్దు సార్. తెలిసినాక రాస్తా."

గోడ అవతల విల్లు ఆగింది. గుడ్డ విప్పాడేమోనని నాకు భయం వేసింది. మళ్లీ మోగింది.

అధికారి ఇంకేమీ అడగలేదు. ఇంగ్లీషు వాచకంలో ఒక పేరా చదివించి, ఒక లెక్క చేయించి, కాగితం మీద ఖాసీం పేరు ఎదురుగా సంతకం పెట్టారు. వాడి ప్రవేశం పక్కా అయింది. సాయంత్రం హుసేనప్పకు ఆ సంగతి నేనే చెప్పాను. అతను గుడ్డ విప్పి, "అయితే నా పదవి ఊడినట్లేనా?" అని, మళ్లీ గుడ్డ కట్టుకుని పరుపు కుట్టసాగాడు. కట్టుకునేముందు కళ్లు తుడుచుకున్నట్టు కనబడింది. దూది ఏకేవాడి కళ్లు ఎప్పుడూ నీళ్లు కారుతుంటాయి, నేనేమీ అనుకోలేదు.

కథ ఇక్కడ ఆగి ఉంటే నీతికథ అయ్యేది. ఆగలేదు. తనిఖీ అయిన కొన్నాళ్లకు రిపోర్టు వచ్చింది. పైకప్పు గురించి, బావి గురించి ఈసారి చెడ్డమాట లేదు, పరుపు తన పని తాను చేసింది. నీతిబోధ కింద ఒక వాక్యం ఉంది: నాలుగో ఫారంలో ఒక విద్యార్థి ఇచ్చిన జవాబు సహజంగా ఉన్నది, తక్కినవారికి ఆదర్శప్రాయము. తనిఖీ రిపోర్టులోని ప్రతి వాక్యానికీ ఏం చర్య తీసుకున్నారో పాఠశాల తిరిగి రాసి పంపాలి. ఆదర్శప్రాయము అన్న మాటకు ఏం చర్య తీసుకోవాలో హెడ్మాస్టరు గారు బాగా ఆలోచించారు. ఖాసీం జవాబును గ్రాంథికంలోకి దిద్ది తరగతి మొత్తానికీ నోట్సుగా చెప్పవలసిందని పండితులవారిని ఆజ్ఞాపించి, చర్య తీసుకున్నట్లు పైకి రాసేశారు. నేను వద్దని చెప్పాను. ప్రొబేషన్‌లో ఉన్నవాడు వద్దనడం కూడా రికార్డులో చేరే విషయమేనని ఆయన మృదువుగా గుర్తుచేశారు.

డిసెంబరులో హాఫియర్లీ. ముప్పై తొమ్మిది మంది పిల్లల తండ్రులు మూతికి గుడ్డ కట్టుకుని దూది ఏకారు. అందరికీ మామిడిపండ్లు పడటం మానేశాయి. తామెట్లుందురో తమకింకను తెలియదని అందరూ ఒక్క అక్షరం తేడా లేకుండా రాశారు. రామశేషుకు అందరికంటే ఎక్కువ మార్కులు. ఆ పేపరు పట్టుకుని వాళ్ల నాన్న, నిజమైన కరణం గారు, పంచె చెంగు ఎగదోపుకుని వచ్చారు.

"ఏమయ్యా, నేను దూది ఏకుతానా?"

"పరీక్ష వరకేనండి. తనిఖీనాడు హుసేనప్ప కరణీకం చేశాడు, ఈసారి తమరి వంతు" అన్నాను.

ఆయన బోర్డుకు అర్జీ పెడతానన్నారు. ఫిర్యాదు ఏమని రాయాలో తెలియక పెట్టలేదు. కొడుక్కి మార్కులెక్కువ వచ్చాయని ఎవరు అర్జీ పెడతారు?

ఇక ఖాసీం పేపరు. వాడికి రెండు మార్కులు తగ్గాయి. పండితులవారిని అడిగితే ఎప్పటిలాగే దయగా వివరించారు.

"పెద్దయితే ఏమగుదునో ఇంకను తలపోయలేదు అని నోట్సులో ఉండాది గదప్పా. వీడు రైలు గార్డు అవుతానని రాసినాడు."

"వాడి నోట్సే కదా స్వామీ అది. ఈ మధ్య అనుకుని ఉంటాడు."

"వాడిదే. వాడు చెప్పిందానికి వాడే కట్టుబడకపోతే ఎట్లా?"

ఖాసీం ఆ రెండు మార్కుల గురించి అడగలేదు. స్కూల్ ఫైనల్ దాకా మా బడిలోనే చదివాడు. రైలు గార్డు కాలేదు. ఏమయ్యాడో రాస్తే పండితులవారు నోట్సులో లేదంటారు.

ఆ తర్వాత ఉద్యోగం విరమించేదాకా, కర్నూలు, కడప జిల్లాల్లో పనిచేసిన ప్రతి బడిలోనూ, మొదటిరోజున కొత్తపిల్లలకు నాలుగు మాటలు చెప్పే పని నాకే పడుతూ వచ్చింది. మంచినీళ్ల కుండ ఎక్కడుందో చెప్పేవాణ్ణి. ఎండపొద్దు ఏ బెంచీ మీద పడుతుందో చెప్పేవాణ్ణి. ఏ మాస్టరుకు కోపం ఎక్కువో, ఆ కోపం ఎంతసేపుంటుందో చెప్పేవాణ్ణి. మీరు మీరుగా ఉండండి అని మాత్రం చెప్పలేదు. పద్నాలుగేళ్లవాడికి ఆ సలహా అవసరం లేదు, వదిలేస్తే వాడు ఎట్లాగూ అదే చేస్తాడు. ఆ సలహా కావలసింది వాడి పేపరు దిద్దేవాళ్లకు. వాళ్లకు చెప్పే పీరియడు ఏ టైంటేబుల్లోనూ ఉండదు.